"నేనెవరో చెప్పు" అని మా అత్తయ్యను ఇంకెవరూ అడగకండి

నిన్న సాయంత్రం శుభలేఖ ఇవ్వడానికి బంధువులు వచ్చారు. మావారి పెదనాన్నగారి అబ్బాయి, ఆయన భార్య. బొట్టు పెట్టి పిలిచారు, కాఫీలు తాగారు, అంతవరకు బాగానే ఉంది. మా అత్తయ్యకు డిమెన్షియా, అంటే జ్ఞాపకం తగ్గిపోయే మతిమరుపు జబ్బు. ఆ తర్వాత ఆయన మా అత్తయ్య మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని, ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, "పిన్నీ, నేనెవరో చెప్పు చూద్దాం" అని మొదలుపెట్టారు. అత్తయ్య నవ్వారు. ఎదుటి మనిషి ఎవరో తెలియనప్పుడు ఆవిడ అలాగే నవ్వుతారు. "నీ చేతి సున్నుండలు ఎన్ని తిన్నాను పిన్నీ! చెప్పు, చెప్పు." ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మా ముఖాల వైపు చూశారు, ఎవరైనా అందిస్తారేమోనని. ఆయన ఆపలేదు. "పోనీ, ఈ పిల్ల ఎవరో చెప్పు" అని మా అమ్మాయిని చూపించారు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. లేచి వెళ్ళి నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "పెదనాన్నా, అలా అడగకండి. మీ పేరు మీరే చెప్పండి, అప్పుడు మాట్లాడుతుంది" అంది. గొంతు కూడా పెంచలేదు. ఆయన భార్య వెంటనే నా వైపు తిరిగి, "పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో పిల్లకు నేర్పలేదా?" అన్నారు. రాత్రికి ఆ వీడియో కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. కింద వరసగా నవ్వే బొమ్మలు. ఒకరు "పాపం పిన్ని" అని రాసి పక్కనే నవ్వే బొమ్మ పెట్టారు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే క్షణంలో ఎలా పెట్టగలరు? తప్పు అని ఒక్కరు కూడా అనలేదు. తప్పు చేసింది మాత్రం మా అమ్మాయట!

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే ఇది ఒక్కరి సంగతి కాదు. గడప తొక్కిన ప్రతి మనిషిదీ ఇదే పని. నేనెవరు, ఇవాళ ఏ వారం, నీకు పిల్లలెందరు, మీ ఆయన పేరేమిటి. తప్పు చెబితే నవ్వు. సరిగ్గా చెబితే "ఈవిడకేం, బాగానే ఉన్నారే" అని నా వైపు ఒక చూపు. మా అత్తయ్య నెగ్గినా, ఓడినా చివరికి దోషం నాదే.

పేర్లు అడగడం డాక్టరు పని. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు తన దగ్గరికి తెచ్చిన 51 ఏళ్ళ అగస్తె డేటర్‌ను పేరు అడిగారు. "అగస్తె" అని చెప్పిందావిడ. ఇంటిపేరు అడిగితే అదే, భర్త పేరు అడిగినా అదే. ఆయన అదంతా శ్రద్ధగా రాసిపెట్టుకున్నారు. ఆవిడ చనిపోయాక మెదడును పరీక్షించి 1906లో ఆ జబ్బు గురించి తోటి వైద్యులకు చెప్పారు. ఇవాళ మనం ఆ జబ్బును ఆయన పేరుతోనే ఆల్జైమర్స్ అని పిలుస్తున్నాం, డిమెన్షియాలో అదొక రకం. ఆ ప్రశ్నల వల్ల లోకానికి ఒక మేలు జరిగింది. మీరు కాఫీ తాగుతూ అడిగిన ప్రశ్న వల్ల ఎవరికి మేలు జరిగింది? పైగా ఇదేదో మా ఇంట్లోనే పుట్టిన వింత కాదు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. రేపు ఆ మంచం మీద ఎవరుంటారో ఎవరికి తెలుసు?

ఇంకో సంగతి వినండి. పేరు గుర్తు రాకపోయినా అవమానం తగులుతుంది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయిన కాసేపటికి వాళ్ళు వచ్చిన సంగతే ఆవిడకు గుర్తుండదు. కానీ ఆ బాధ పోదు. ఎందుకో చెప్పలేక, గోడ వైపు తిరిగి పడుకుంటారు. నిన్న రాత్రి కూడా అన్నం కలిపి నోటి దగ్గర పెడితే వద్దని తల తిప్పుకున్నారు. మా అమ్మాయి పక్కన కూర్చుని తను ఒక ముద్ద తిని, ఆవిడకు ఒక ముద్ద పెట్టింది. అలా సగం కంచం అయింది.

ఆ పిల్లకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ఈ జబ్బు సాధారణంగా కొత్త జ్ఞాపకాలను ముందు పట్టుకుంటుందని, కొత్త సంగతులను దాచిపెట్టే హిప్పోకాంపస్ అనే భాగం మొదట్లోనే దెబ్బతింటుందని, పాత సంగతులు, చేతులకు అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయని మాకు డాక్టరు చెప్పారు. మా అమ్మాయి అంతకు ముందే కనిపెట్టేసింది. కనకాంబరాలు, మరువం, అరటినార ముందు పెడితే అత్తయ్య వేళ్ళు వాటంతట అవే మాల కట్టేస్తాయి. ఒక్క ముడి తప్పదు. చింతపిక్కలు పోసి వామనగుంటల పీట పెడితే ఆవిడే గెలుస్తారు. పొద్దున ఏం తిన్నారో తెలియదు, తన పుట్టింటి వీధిలో రేపల్లె కాలువ గట్టు మీద ఎవరి గేదె ఎవరి చేలో పడిందో తెలుసు. ఆ కథ మా అమ్మాయి ఎన్నిసార్లు విన్నదో. విన్న ప్రతిసారీ "తర్వాత ఏమైంది?" అంటుంది. "ఇది నిన్న చెప్పావుగా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఓపిక మనలో ఎంతమందికి ఉంది?

అత్తయ్య తనను "చిట్టీ" అని పిలుస్తారు. చిట్టి అంటే ఆవిడ చెల్లెలు, చిన్నప్పుడే జ్వరంతో పోయింది. మొదటిసారి అలా పిలిచినప్పుడు నేను సరిదిద్దబోయేలోపే మా అమ్మాయి "ఏమక్కా" అంది. ఆవిడ ముఖం ఎలా వెలిగిందో మీరు చూసి ఉండాల్సింది. మా బంధువులు మాత్రం చూసినా ఊరుకోలేదు. "ఆ పిల్ల చిట్టి కాదు పిన్నీ, చిట్టి ఎప్పుడో చచ్చిపోయింది" అని ఒకరు గుర్తుచేశారు. అరవై ఏళ్ళకు పైబడిన దుఃఖాన్ని ఆవిడ ఆ మధ్యాహ్నం కొత్తగా మళ్ళీ ఏడ్చారు. నిజం చెప్పామన్న తృప్తితో వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు.

అంతా తియ్యగానే ఉంటుందని నేను చెప్పడం లేదు. పొద్దు వాలితే అత్తయ్యకు కలవరం మొదలవుతుంది. "ఇంటికి పోదాం, అమ్మ ఎదురుచూస్తుంటుంది" అంటారు. ఒక రాత్రి మా అమ్మాయిని గుర్తుపట్టక తోసేశారు. పిల్ల చాలాసేపు ఏడ్చింది. "నేను నాయనమ్మకు గుర్తు లేనా?" అని అడిగితే, జబ్బు తోసింది, నాయనమ్మ కాదు అని చెప్పాను. మర్నాడు బడి నుంచి రాగానే సంచి విసిరేసి ఆ గదిలోకే వెళ్ళింది. ఇది విని ఒక పెద్దావిడ "పిల్లను దూరంగా పడుకోబెట్టు, చదువు పాడవుతుంది" అన్నారు. చదువట! ఆ గదిలో మా అమ్మాయి నేర్చుకుంటున్నది ఏ బడిలో దొరుకుతుంది?

అసలు నా కోపం నిన్నటితో మొదలైంది కాదు. చాలాకాలంగా లోపల పెట్టుకున్న మాట ఒకటుంది, ఈ రోజు చెప్పేస్తాను. భోజనం చేసిన పావుగంటకే అత్తయ్య "నాకు అన్నం పెట్టలేదు" అంటారు. ఈ జబ్బు ఉన్న ఇంట్లో ఇది మామూలే, తిన్న సంగతి బుర్రలో నిలవదు. ఆ మాట ఫోనులో మా వదినగారు, అంటే అత్తయ్య కూతురు, విన్నారు. వదినగారి నుంచి బావగారికి, బావగారి నుంచి మొత్తం చుట్టాలకు. మావారిని ఫోనులో నిలదీశారు. మనిషి పేరు చెప్పలేదని పగలబడి నవ్వేవాళ్ళకు, అన్నం పెట్టలేదన్న మాట మాత్రం వేదవాక్కు అయిపోయింది! ఆవిడ జ్ఞాపకం మీద నమ్మకం ఉందా లేదా, ఏదో ఒకటి తేల్చుకోండి. నన్ను దోషిని చేయాల్సి వచ్చినప్పుడు మాత్రమే ఆవిడకు అన్నీ గుర్తుంటాయా?

ఆ రోజుల్లో మా అమ్మాయి ఒక చిన్న గిన్నెలో మరమరాలు పోసి మంచం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "పెట్టలేదు" అనగానే గిన్నె అందిస్తుంది. వాదన లేదు, గొడవ లేదు. డెబ్బై ఏళ్ళ పెద్దమనుషులకు తట్టని ఉపాయం.

వదినగారు అంతటితో ఆగలేదు. 2007లో తల్లిదండ్రుల పోషణకు చట్టం వచ్చిందని, ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో తెలుసుకోమని గ్రూపులో రాశారు. తెలుసుకున్నాను వదినగారూ, చదివాను. ఆ చట్టంలో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కూతురు అనే మాట అందులో స్పష్టంగా ఉంది, ఒకసారి చూసుకోండి. కోడలి పేరు ఆ నిర్వచనంలో లేదు. మైనర్లను తీసేశారు. అంటే చట్టం పేరెత్తని ఇద్దరం, నేను, నా తొమ్మిదేళ్ళ కూతురు, ఆవిడ గోళ్ళు తీస్తున్నాం, తల దువ్వుతున్నాం, రాత్రి లేచి పక్కబట్టలు మారుస్తున్నాం. చట్టం పేరుపెట్టి చెప్పిన మీరు వీడియో కాల్‌లో పది నిమిషాలు కనిపించి చట్టం చదువుతున్నారు.

వీడియో కాల్ అంటే గుర్తొచ్చింది. అవతల మనవళ్ళు "హాయ్" అని చెయ్యి ఊపి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకు తెలుగు రాదు. అత్తయ్యకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. "ఇంట్లో రెండు భాషలైతే పిల్లలు తికమకపడతారు" అని తల్లిదండ్రులే తెలుగు మాన్పించారు. ఇదే మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో చెప్పింది. చదువుకోనివారిలోనూ ఆ తేడా కనిపించిందట. ఆ పరిశోధన సంగతి అలా ఉంచండి. ఒక ముసలావిడకు మాటలు ఒక్కొక్కటే జారిపోతున్న రోజుల్లో, మిగిలిన ఆ నాలుగు మాటలు అర్థం చేసుకునే మనవడు అటువైపు ఒక్కడూ లేకుండా చేశారే, దానికి ఏ పేరు పెట్టాలి?

ఇవాళ పొద్దున గ్రూపులో కొత్త ప్రతిపాదన వచ్చింది. వంతులట. ముగ్గురి ఇళ్ళలో నాలుగేసి నెలలు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా ఇంట్లో స్నానాల గది గుర్తుపట్టడానికే అత్తయ్య అవస్థ పడుతుంటే, మా అమ్మాయి తలుపు మీద పెద్ద నీలం కాగితం అంటించి చెంబు బొమ్మ వేసింది. ఇప్పుడు ఆ నీలం రంగు చూసి తనంతట తనే వెళ్తారు. తెలియని చోట ఈ జబ్బు మనిషికి కలవరం ఇంకా పెరుగుతుంది. ఆవిడకు అలవాటైన మంచం, కిటికీ, పక్కన కూర్చునే పిల్ల, అన్నీ ఒక్కసారిగా మాయమైతే ఏమవుతుందో మీరు ఆలోచించారా? సంత నుంచి సంతకు తోలే పశువా ఆవిడ?

అత్తయ్య ఎక్కడికీ రారు. వంతు పంచుకోవాలని నిజంగా ఉంటే, బావగారూ, వదినగారూ, మీరే రండి. మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంది. మీరు ఒక వారం ఉంటే నేను మా అమ్మను చూసి వస్తాను. సాయంత్రం "ఇంటికి పోదాం" అన్నప్పుడు ఇదే ఇల్లని వాదించకండి, చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించండి. మిగిలినవి మా అమ్మాయిని అడగండి, ఓపికగా చెబుతుంది. ఏ తేదీకి వస్తున్నారో గ్రూపులో రాయండి.