డ్రైవర్ సంగతి తర్వాత, ముందు అది ఎలా ఆగిందో చెప్పండి

ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతోందని ఎవరైనా చెప్పీ చెప్పగానే "డ్రైవర్ (కంప్యూటర్ భాగాలను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయండి, లేకపోతే విండోస్ మళ్ళీ ఎక్కించండి" అని చేతులు దులుపుకునే వారిపై నాకు చాలాకాలంగా కోపం ఉంది. జ్వరమని వచ్చినవాడి నాడి అయినా చూడకుండా మాత్ర చేతిలో పెట్టే వైద్యమిది. ఆ మాట నమ్మి మూడు వారాల్లో రెండుసార్లు విండోస్ ఎక్కించాను, నాలుగు డ్రైవర్లు మార్చాను. అసలు దోషం మాత్రం క్యాబినెట్ లోపల ఒక కేబుల్‌లో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది.

ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడటం వేరు, నీలి తెర వచ్చి కోడ్ చూపించడం వేరు, కరెంటు పోయినట్టు తెర నల్లబడి సిస్టమ్ తనంతట తానే రీస్టార్ట్ కావడం వేరు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వచ్చిందంటే, తెరమీది బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లు గడిచినా జవాబివ్వకపోవడంతో విండోస్ దాని డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టి ఉండవచ్చు. డ్రైవర్ సలహాకు కాస్తో కూస్తో చోటున్నది అక్కడే. నీలి తెర ప్రతిసారీ కొత్త కోడ్‌తో వస్తుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి. ర్యామ్‌ను మామూలుకంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ అనే అమరిక కూడా ఒక రకం ఓవర్‌క్లాకింగే కాబట్టి బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) దాన్ని ఆపి, ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపితే చాలావరకు తేలిపోతుంది.

నా సిస్టమ్ నోరు మెదపకుండా రీస్టార్ట్ అయ్యే రకం. విండోస్ తన లోపాలను రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 అని ఉంది. ఆ అంకె చూడగానే "ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పోయింది" అని తేల్చేవారు ఉన్నారు, అదీ తొందరపాటే. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే 41 చెబుతుంది, నడుస్తుండగా ప్లగ్గు పీకినా అదే వస్తుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే వరుసను చూడాలి. అక్కడ సున్నా ఉంటే, నీలి తెర వివరాలేవీ నమోదు కాలేదన్నమాట. నాకు ప్రతిసారీ సున్నాయే కనబడింది.

వేడి వల్లనేమో అన్నారు కొందరు. ఇప్పటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, ఆటలో ఫ్రేములు పడిపోతాయి, ఆగిపోవడం ఆ తర్వాతి మాట. అయినా వేడి కొలతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంతో సెకనుకొకసారి నమోదు చేయించాను. ఆగే ముందు పడిన చివరి వరుసలో కార్డు 68 డిగ్రీల దగ్గరే ఉంది. మరో విచిత్రం, ఆట జోరుగా సాగుతున్నప్పటి కంటే ఊరికే మెనూ తెరిచి ఉంచినప్పుడే ఎక్కువసార్లు ఆగేది. మెనూలో ఫ్రేములకు హద్దు పెట్టకపోవడంతో, కదలిక లేని ఆ బొమ్మనే కార్డు సెకనుకు వందలసార్లు గీస్తూ కరెంటు లాగుతోంది.

అప్పుడు కరెంటు లెక్క చూశాను. ప్రమాణాల ప్రకారం కార్డుకు మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150 వాట్లు అందుతాయి. మనం తెరమీద చూసే వాట్లు సగటు మాత్రమే, సెకనులో వెయ్యో వంతు సేపు కార్డు దానికి బాగా మించి లాగగలదు. ఈ కుదుపుల కోసమే ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు లాగినా ఆగకూడదని రాశారు. నా కార్డుకు రెండు సాకెట్లుంటే, బిగించినవారు రెండు తలలున్న ఒకే కేబుల్‌తో రెండింటినీ నింపేశారు, అంటే రెండింటి భారమూ ఆ ఒక్కదాని మీదే. మరమ్మతుకు తీసుకెళ్తే కేబుల్ వైపు కన్నెత్తి చూడకుండా కార్డే మార్చమన్నారు!

కార్డు కొనే ముందు కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్ (కార్డు లాగే కరెంటుకు హద్దు) 70 శాతానికి తగ్గించి మూడు గంటలు ఆడాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇది వైద్యం కాదు, పరీక్ష మాత్రమే, కానీ పైసా ఖర్చులేని పరీక్ష.

అన్ని దోషాలూ ఇలా మనింట్లోనే దొరుకుతాయని అనను. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న కొందరికి, కార్డులో మెమరీ ఖాళీగా ఉన్నా వీడియో మెమరీ చాలలేదంటూ ఆటలు మూసుకుపోయేవి. ఎక్కువ వోల్టేజీ వల్ల ప్రాసెసరే దెబ్బతింటోందని ఆ సంస్థే 2024లో ఒప్పుకుని మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణ ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. ఇన్నాళ్ళూ డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నవారి ఉసురు ఎవరికి తగలాలి?

చివరికి ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన రెండో కేబుల్‌నే తీసి, సాకెట్‌కు ఒకటి చొప్పున బిగించి, పవర్ లిమిట్‌ను మళ్ళీ నూరుకు పెట్టాను. వారం రోజులు నిక్షేపంగా నడిచింది. అయినా అనుమానం పోలేదు, ఎందుకంటే కేబుల్ మార్చే క్రమంలో కార్డును కూడా ఊడదీసి మళ్ళీ బిగించాను, ఆ పుణ్యం కార్డుదో కేబుల్‌దో తెలియదు. అందుకే ఎనిమిదో రోజు కార్డును కదపకుండా, పాత కేబుల్ రెండు తలలనూ మళ్ళీ తగిలించి, మెనూ తెరిచి, గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది.