బైపాడ్ కాళ్ళు పొడవైతే గురి కుదురుతుందా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎయిర్ రైఫిల్ సరదా ఉన్నవారి మధ్య ఒక వాట్సాప్ సందేశం కొన్నాళ్ళుగా తిరుగుతోంది. బెంచ్ మీద కాల్చేవారు పొడవైన కాళ్ళున్న, బరువైన, అటూ ఇటూ వాలని బైపాడ్ (రైఫిల్ ముందు భాగాన్ని నిలిపే రెండు కాళ్ళ స్టాండు) కొనాలనీ, అది ఉంటే ఏ రైఫిల్‌కైనా గ్రూపు (వరుస దెబ్బలు పడిన చోటు వెడల్పు) సగానికి తగ్గుతుందనీ, వెనుక ఇసుక సంచి అక్కరలేదనీ దాని సారాంశం. ఇందులో ఒక్క మాటా నిలిచేది కాదు.

మొదట కాళ్ళ పొడవు సంగతి. నేల మీద గడ్డిలో పడుకొని కాల్చేవాడికి ఎత్తు కావాలి. బెంచ్ ముందు కుర్చీలో కూర్చున్నవాడికి ఆ ఎత్తును బల్లే ఇస్తుంది. హ్యారిస్ బైపాడ్‌లలో 6 నుంచి 9 అంగుళాల రకం బల్లకు చాలు. కాళ్ళను అంతకు మించి సాగదీస్తే అవి సన్నగా వణకడమే కాక, రైఫిల్ పైకి లేచి, చెంప రైఫిల్ వెనుక దిమ్మైన స్టాక్‌కు ఆనక, మెడ నొప్పి పుడుతుంది.

బరువు వాదం ఇంకా పలచనిది. బైపాడ్ మీద ఆనించి దూరపు గురికి కాల్చే ఎఫ్-టీఆర్ అనే రైఫిల్ పోటీల్లో బైపాడ్‌తో కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటరాదు. అందుకే అక్కడివారు బరువును కాక, పాదాల మధ్య వెడల్పును పెంచుకుంటారు. వారు పడుకొనే కాలుస్తారు గానీ, పాదాలు ఎడంగా ఉంటే పక్కకు ఒరగదన్న సూత్రం బల్లకూ వర్తిస్తుంది.

వాలని బైపాడే కావాలన్న మాటకు లెక్కే జవాబు. పెల్లెట్ కిందికి జారే మేరకు గురిని 30 సెంటీమీటర్లు పైకి పెట్టుకున్నప్పుడు రైఫిల్ 2 డిగ్రీలు పక్కకు ఒరిగితే దెబ్బ సుమారు 1 సెంటీమీటరు పక్కకు పడుతుంది. మన తోటల్లో వేసుకునే బల్లలు సమంగా ఉండవు కనుక, ఒరుగును సరిచేసి బిగించుకునే వీలున్న రకమే మేలు.

అన్నిటికంటే నష్టం చేసేది "ఏ రైఫిల్‌కైనా" అన్న మాట. మనవాళ్ళలో ఎక్కువమంది వాడేది స్ప్రింగ్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తన్నుతుంది, పిస్టన్ ఆగేచోట మళ్ళీ ముందుకు ఊగుతుంది. పెల్లెట్ గొట్టం దాటకముందే ఈ కదలిక మొదలవుతుంది. ఆ ఊగు ప్రతిసారీ ఒకే తీరున సాగితేనే గ్రూపు కుదురుతుంది. ఒంగోలు శివారు తోటలో, వెనుక ఎత్తైన మట్టికట్ట ఉన్నచోట, చీమకుర్తి నల్ల గ్రానైట్ పలక పరిచిన బల్ల మీద స్ప్రింగ్ రైఫిల్‌కు బైపాడ్ బిగించి నేనీ తప్పు చేశాను. మెరుగు పెట్టిన రాతి మీద రబ్బరు పాదాలు దెబ్బదెబ్బకూ ఎగిరిపడ్డాయి, ఒక్కోసారి ఒక్కో దిక్కుకు జారాయి. అంతకుముందు ఐదు రూపాయల బిళ్ళ కింద దాగిన ఐదు రంధ్రాలు గారె అంత మేర చెదిరాయి. బైపాడ్ విప్పి, రైఫిల్‌ను తెరిచిన అరచేతిలో వదులుగా ఆనించి, ఆ చేతిని సంచి మీద ఉంచితే పాత గ్రూపు తిరిగి వచ్చింది. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిల్‌కు తన్ను చాలా తక్కువ కనుక దానికి బైపాడ్ పనికొస్తుంది. అయినా రాతి మీద ఒక గోనె పట్టా పరుచుకోవడం మంచిది.

ఇక వెనుక సంచి. బైపాడ్ పాదాలకూ, భుజానికి ఆనే రైఫిల్ వెనుక చివరకూ (దాని మడమకూ) మధ్య 70 సెంటీమీటర్లున్న రైఫిల్‌లో మడమ 1 మిల్లీమీటరు కదిలితే 25 మీటర్ల దూరాన గురి సుమారు 3.6 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ మిల్లీమీటరును అదుపులో పెట్టేది ఎంత ఖరీదైన బైపాడూ కాదు, మడమ కింద పిడికిట్లో నొక్కి పట్టే సంచి. పాత జీన్స్ కాలు కత్తిరించి, ఎండబెట్టి జల్లించిన పెన్నా ఇసుక ముప్పాతిక వంతు నింపి కుట్టుకుంటే సరిపోతుంది. కొత్తపట్నం తీరపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు చెమ్మ పట్టి గడ్డకడుతుంది.