ఆ టప్పు నాదే

మొన్న శుక్రవారం సాయంత్రం 6 గంటలకు, టెన్షన్ తగ్గించుకోవడం ఎలాగో నేర్పిస్తామని మా ఆఫీసువాళ్ళు ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. వారమంతా పెంచినవాళ్ళే తగ్గిస్తామంటే వద్దనడం దేనికి? పైగా తప్పనిసరి. రాకపోతే మేనేజరుకు కారణం చెప్పాలి. ఏ కారణం చెప్పాలా అన్న టెన్షన్‌తోనే చేరాను.

అదేరోజు మా ఆవిడ తెప్పించుకున్న గాజుగిన్నెల సెట్టు వచ్చింది. నీలంరంగు అడిగితే ఆకుపచ్చవి పంపారు. రిటర్న్ పెట్టేసి, "ఏమండీ, ఆ డబ్బా ముట్టుకోకండి" అని గుడికెళ్ళింది. డబ్బాను ముట్టుకోలేదు. దాన్లోంచి తొంగిచూస్తున్న బుడగల కవరు మాత్రం ఎలాగో నా ఒళ్ళోకి వచ్చింది.

1957లో అమెరికాలో ఇద్దరు ఈ కవరును గోడలకు అంటించడానికి తయారుచేశారట. ఎవరూ కొనలేదు, తర్వాతే సామాన్లకు చుట్టడం మొదలైంది. గోడలకే అంటించి ఉంటే మా ఇంట్లో పండక్కి చుట్టాలొచ్చి వెళ్ళేసరికి గోడకు ఒక్క బుడగ మిగిలేదా? మా నాయనమ్మ ఇలాంటి కవరు చూడనేలేదు. ఆవిడకు మెటికలుండేవి. ఎదురింటావిడ మీద ఒళ్ళు మండితే గుమ్మంలో నిలబడి పది వేళ్ళూ పటపటా విరిచి, వెళ్ళి హాయిగా కాఫీ తాగేది. అత్త మీద కోపం చూపించుకోవడానికి ఆ రోజుల్లో ఇంటినిండా దుత్తలు కూడా ఉండేవి. నాకు మేనేజరున్నాడు, దుత్త లేదు. ఆ కవరే నా దుత్త.

క్లాసు చెప్పే అమ్మాయి, "అందరం కలిసి ఊపిరి తీసుకుందాం, మైకులు తీసే ఉంచండి" అంది. ఆ సమయంలో నేను డబ్బా వైపు చూస్తున్నాను. అందుకని ఆ రెండో ముక్క వినలేదు. ఊపిరి నాలుగు అంకెలు పీల్చాలి, ఏడు అంకెలు బిగబట్టాలి, ఎనిమిది అంకెలు వదలాలి. కళ్ళు మూసుకున్నాం. పీల్చాం. బిగబట్టాం. అరవైమందీ ఒక్కసారి ఊపిరి ఆపితే అమావాస్య అర్ధరాత్రిలా ఉంటుంది.

టప్.

ఈ బుడగల్ని ఎలా పేల్చాలో చాలామందికి తెలియదు. తడిబట్ట పిండినట్టు మెలితిప్పేస్తారు, అది మొరటు పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కాలి. ముందు కాస్త మొరాయిస్తుంది. ఇంకొంచెం నొక్కితే, టప్. ఆ మొరాయింపులోనే ఉంది సుఖమంతా. మూడోది పేలుతుండగా "ఎవరో పాప్‌కార్న్ వేయిస్తున్నట్టున్నారు" అందా అమ్మాయి. ఎవడో గానీ క్రమశిక్షణ లేనివాడు అనుకుంటూ నాలుగోది నొక్కాను. "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అనుకుంటా మేడమ్" అన్నారెవరో పాపం. ఐదు, ఆరు.

"అయిపోయాయా సార్, ఇంకా ఉన్నాయా?"

మా మేనేజరు గొంతు. కళ్ళు తెరిచాను. ఎవరు చప్పుడు చేస్తే వాళ్ళ ముఖం తెర నిండా వస్తుంది కదా, ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవరో గానీ, కింది పెదవి పళ్ళతో బిగబట్టి, పసిపిల్లకు పేలు కుక్కుతున్నంత శ్రద్ధగా నేను కనిపించాను. కంగారులో మైకు ఆపబోయి కెమెరా ఆపాను. కవరు దాచేద్దామని దాని మీదే కూర్చున్నాను. దీపావళి.

2015లో ఆ అమెరికావాళ్ళిద్దరూ పెట్టిన కంపెనీయే నొక్కినా పేలని రకం కూడా తెచ్చిందట. మా ఇంటికి మాత్రం పేలేదే పంపారు. రంగు తప్పు పంపినవాళ్ళకు ఇది కూడా తప్పు పంపడం చేతకాలేదు.

శనివారం వచ్చిన కుర్రాడు డబ్బా తెరిచి, అప్పడంలా అణిగిపోయిన కవరు ఎత్తి చూపించి, "ప్యాకింగ్ ఇలా ఉంటే తీసుకోం సార్" అన్నాడు. ఆకుపచ్చ గిన్నెలు ఇప్పుడు మావే. ఆవిడ రెండు రోజులుగా నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది.

ఇది రాస్తుండగానే ఆఫీసు నుంచి మూడో రిమైండరు. క్లాసు మీద అభిప్రాయం నింపకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ కూర్చోవాలట. తెరిచి చూస్తే మొదటి ప్రశ్న, మీ టెన్షన్ తగ్గిందా. కింద ఉన్న గడులు రెండే: తగ్గింది, బాగా తగ్గింది.