జిమ్ ఫిక్స్ మరణం చెప్పేది "పరిగెత్తొద్దు" అని కాదు

"ట్రెడ్‌మిల్ కనిపెట్టినవాడు 54 ఏళ్ళకే పోయాడు. జిమ్నాస్టిక్స్ కనిపెట్టినవాడు 57కే పోయాడు. అమెరికాకి జాగింగ్ అలవాటు చేసిన జిమ్ ఫిక్స్ జాగింగ్ చేస్తూనే 52 ఏళ్ళకి గుండెపోటుతో పోయాడు. కేఎఫ్‌సీ పెట్టినాయన 94 ఏళ్ళు, విన్‌స్టన్ సిగరెట్లు చేసినాయన 102 ఏళ్ళు బతికారు. ఎప్పుడూ గెంతే కుందేలు బతికేది 2 ఏళ్ళు, కదలని తాబేలు 400 ఏళ్ళు. కాబట్టి హాయిగా తినండి, తాగండి, రెస్ట్ తీసుకోండి."

ఏళ్ళుగా వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చింది. పంపినవాళ్ళు సరదాకే పంపి ఉంటారు. కానీ దీన్ని చదివి పొద్దున్నే నడక మానేసేవాళ్ళు నిజంగా ఉన్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ఆ వయసులు తప్పు

ఇళ్ళలో వాడుకునే ట్రెడ్‌మిల్ తయారు చేసిన విలియం స్టాబ్ 2012లో 96 ఏళ్ళ వయసులో పోయారు. అంతకంటే ముందు, 1818లో ఇంగ్లండ్ జైళ్ళ కోసం కాళ్ళతో తొక్కే చక్రం చేసిన విలియం క్యూబిట్ 76 ఏళ్ళు బతికారు. గుండె పరీక్షలకి ట్రెడ్‌మిల్ వాడకాన్ని స్థిరపరిచిన డాక్టర్ రాబర్ట్ బ్రూస్ 87 ఏళ్ళు బతికారు. వీళ్ళలో ఎవరిని తీసుకున్నా 54 అన్నది రాదు. జిమ్నాస్టిక్స్ పితామహుడిగా చెప్పుకునే జర్మన్ ఫ్రెడరిక్ యాన్ 74 ఏళ్ళు బతికారు. కేఎఫ్‌సీ పెట్టిన కల్నల్ శాండర్స్ పోయింది 90 ఏళ్ళ వయసులో. ఇక విన్‌స్టన్ అన్నది 1954లో ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ తెచ్చిన బ్రాండ్ పేరు, ఒక మనిషి చేసింది కాదు.

కుందేలు, తాబేలు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏ జంతువు ఎన్నాళ్ళు బతుకుతుందన్నది దాని జాతిని బట్టి ఉంటుంది. ఇంట్లో బాగా చూసుకుంటే కుందేలు 8 ఏళ్ళకి పైనే బతుకుతుంది. ఆర్కిటిక్‌లో జీవితమంతా ఈదుతూనే ఉండే బోహెడ్ తిమింగలం 200 ఏళ్ళు దాటి బతకగలదు.

జిమ్ ఫిక్స్

మెసేజ్ మొత్తంలో నిజం ఇదొక్కటే. 1984 జులై 20న వెర్మాంట్ రాష్ట్రంలోని హార్డ్‌విక్‌లో రోజూలాగే పరుగుకి వెళ్ళి రోడ్డు పక్కనే కుప్పకూలిపోయారు. వయసు 52. అంతవరకు నిజమే. కానీ ఆ మెసేజ్ చెప్పకుండా వదిలేసినదే అసలు విషయం.

ఆయన తండ్రికి 35 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది, 43 ఏళ్ళకి పోయారు. ఫిక్స్ కూడా 35 ఏళ్ళ దాకా రోజుకి రెండు ప్యాకెట్ల సిగరెట్లు తాగేవారు, బరువు 100 కిలోలకు దగ్గర్లో ఉండేది. ఆ స్థితిలో 1967లో పరుగు మొదలుపెట్టారు. సిగరెట్లు మానేశారు, బరువు తగ్గారు. పదేళ్ళ తర్వాత పరుగు గురించి ఆయన రాసిన పుస్తకం పది లక్షల కాపీలకి పైగా అమ్ముడుపోయింది. పోస్ట్‌మార్టమ్‌లో గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఒకటి 95 శాతం, ఇంకొకటి 85 శాతం, మూడోది 70 శాతం పూడుకుపోయి కనిపించాయి. చనిపోవడానికి కొన్ని నెలల ముందు డల్లాస్‌లో డాక్టర్ కెన్నెత్ కూపర్ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు, ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష చేయించుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆయన వైద్య రికార్డులన్నీ చూసిన కూపర్ వంశపారంపర్యాన్నీ పాత అలవాట్లనీ ముఖ్య కారణాలుగా చూపించారు.

పరుగు లేకపోతే ఆయన ఇంకా ముందే పోయేవారా? ఒక మనిషి విషయంలో అది ఎవరూ రుజువు చేయలేరు. తండ్రి కంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికారన్నది మాత్రం నిజం. నాకు ఈ కథలో తప్పుగా అనిపించేది ఒక్కటే: పరిగెత్తేవాడికి గుండె జబ్బు రాదన్న ధీమా.

"పరుగులో పోయినాయన పేరుతో మళ్ళీ పరుగా?"

ఆ మెసేజ్ కింద ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. కనెక్టికట్‌లోని గ్రీనిచ్ ఫిక్స్ ఉండిన ఊరు. అక్కడ మెమోరియల్ డే (చనిపోయిన సైనికుల్ని తలచుకునే అమెరికా సెలవు) నాడు ఆయన పేరు మీద 5 మైళ్ళ రోడ్ రేస్ పెట్టారు. అందులో గెలవాలని వచ్చేవాళ్ళు కొద్దిమందే. మిగతా అందరూ సరదాకి పరిగెత్తేవాళ్ళే. 35 ఏళ్ళప్పటి ఫిక్స్ లాగే బరువు తగ్గాలనో సిగరెట్ మానాలనో మొదలుపెట్టినవాళ్ళకి తగిన రేసు అది. ఆయన ఊరివాళ్ళకి ఆయన చావు గురించి మన మెసేజ్ కంటే బాగా తెలుసు. తెలిసే ఆయన్ని పరుగుతో గుర్తు పెట్టుకున్నారు. అది నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

అసలు ప్రమాదం ఎంత?

2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్‌లు, హాఫ్ మారథాన్‌లు పరిగెత్తిన సుమారు 1 కోటి 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగింది, వాళ్ళలో 42 మంది చనిపోయారు. 2010 నుంచి 2023 దాకా 2 కోట్ల 90 లక్షలకి పైగా రన్నర్లలో 176 మందికి గుండె ఆగింది, 59 మంది పోయారు. గుండె ఆగిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు బతికారన్నమాట. పక్కనున్నవాళ్ళు వెంటనే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ ఉండటం) చేయడం, షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్లు దగ్గర్లో ఉండటం ఇందుకు పెద్ద కారణం.

ఇక లాభం వైపు చూద్దాం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1984లో, అంటే ఫిక్స్ పోయిన ఏడాదే, 50 దాటిన రన్నర్లనీ పరిగెత్తనివాళ్ళనీ గమనించడం మొదలుపెట్టారు. 19 ఏళ్ళకి రన్నర్లలో 15 శాతం మంది చనిపోతే, రెండో గుంపులో 34 శాతం మంది చనిపోయారు. రన్నర్లు మొదటినుంచే ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు కదా అంటారేమో. ఆ తేడాలని లెక్కలోంచి తీసేసినా రన్నర్లకే మేలుగా ఉంది.

"హాయిగా రెస్ట్ తీసుకోండి"

ఈ సలహా మనవాళ్ళకి మరీ ప్రమాదం. పలు దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకి వచ్చింది, మిగతావాళ్ళకి దాదాపు 59కి. అంటే మనలో చాలామందికి ఫిక్స్ పోయిన వయసుకి అటూ ఇటూగానే ఆ ముప్పు వస్తోంది.

నలభై దాటి పరుగు మొదలుపెట్టేవాళ్ళు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని కలవండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. పరిగెత్తేటప్పుడు ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా ఆగిపోండి, ఆ రేసు ఎంత ముఖ్యమైనదైనా సరే. మన గ్రూపులో ఇకముందు ఆ మెసేజ్ బదులు ఇంకోటి పెట్టుకుందాం: తాతయ్యకీ పెదనాన్నకీ మేనత్తకీ గుండెపోటు ఏ వయసులో వచ్చింది, ఎవరికి స్టెంట్ వేశారు, ఎవరికి షుగర్ ఉంది. బాబాయ్, పెద్దవాళ్ళ వివరాలు మీకే బాగా తెలుసు, మొదట మీరు రాయండి.