పట్టా వెనుక ఉన్నవారు
స్నాతకోత్సవ సంబరాలపై వచ్చిన ఒక వ్యాసం చదివాను. స్నాతకోత్సవం విద్యార్థి సొంత కష్టానికి దక్కిన గుర్తింపని, పట్టాను గుడికి తీసుకెళ్లడం ఆ కష్టాన్ని చిన్నబుచ్చడమేనని వ్యాసకర్త అన్న మాటతో నేను ఏకీభవించలేను. దేవుడికి దండం పెట్టినంత మాత్రాన పిల్లలు రాసిన పరీక్షలు దేవుడి ఖాతాలో పడిపోవు. మా అమ్మాయి కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తి చేసినప్పుడు, పట్టాను దేవుని కడప వేంకటేశ్వరస్వామి సన్నిధిలో ఉంచి దండం పెట్టుకున్నాక, పక్కింటి ముస్లిం పెద్దావిడ కోరిక మీద ఆమెతో కలిసి మా ఊళ్లోనే ఉన్న అమీన్ పీర్ దర్గా (పెద్ద దర్గా)కూ వెళ్లాము. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చే మా ఊరిలో ఇది ఎవరికీ వింత కాదు. అప్పు చేసి విందులు పెట్టడంపై, కూడళ్లలో ఫ్లెక్సీలు కట్టడంపై వ్యాసకర్త విమర్శ మాత్రం సబబే. మేము ఓళిగలు, చిత్రాన్నం చేసి, ఫీజు గడువుకు డబ్బు సర్దిన మా తమ్ముడిని, ఆ పెద్దావిడను భోజనానికి పిలిచాము, అంతే.