ముక్కిన వాసనను ముక్కిన వాసన అంటే తప్పేంటి?

గంట దాటినా కోపం తగ్గట్లేదు. ఇవాళ వైన్ టేస్టింగ్ క్లాసులో ఒక గ్లాసు అందుకుని వాసన చూడగానే "ఇది ముక్కిన వాసన వస్తోందండీ, పాడైంది" అన్నాను. నేర్పే ఆయన నవ్వేసి "ఆ మాట లిస్టులో లేదమ్మా, తడి అట్టపెట్టె అనాలి" అన్నారు. క్లాసంతా నవ్వింది.

వైన్ పాడైన మాట నిజమే కదా! కార్కు నుంచి దిగే టీసీఏ అనే రసాయనం లీటరుకు కొన్ని నానోగ్రాములుంటే చాలు, పండ్ల వాసన అణిగిపోతుంది. అంత కొంచెం దాన్ని అందరికంటే ముందు నేను పట్టాను. తడి అట్టపెట్టె వాసన నాకు గుర్తులేదు. చెమ్మ తగిలి ముక్కిన గింజల వాసన మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. నా జ్ఞాపకంలోంచి కాకపోతే ఇంకెవరి జ్ఞాపకంలోంచి తీయాలి?

వాసన పద్ధతే వేరు. చూసినవీ విన్నవీ ముందు మెదడులో థాలమస్ అనే భాగానికి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండా భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన చోటికి దగ్గరి దారిన చేరుతుంది. అందుకే ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. సాధనంతా ఆ పేరును బయటికి లాగడమే. నాలుగు నెలలుగా లవంగం, మిరియాలు, నిమ్మతొక్క, దాల్చినచెక్క చిన్న సీసాల్లో వేసి, కళ్లు మూసుకుని రోజూ వాసన చూస్తున్నాను. ఏ సీసా ఏదో చూడకముందే గుర్తొచ్చింది రాసేస్తాను. మొదట్లో లవంగానికీ దాల్చినచెక్కకీ తేడా చెప్పలేక ఏడుపొచ్చింది. ఇప్పుడు షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటు వెంటనే దొరుకుతోంది. (దానికి కారణం రోటండోన్ అనే రసాయనం. దాదాపు ఐదుగురిలో ఒకరి ముక్కుకు అది అసలు అందదు. అది వాళ్ల తప్పు కాదు!)

వైన్ శాస్త్రవేత్త ఆన్ నోబుల్ 1984లో వాసనల పేర్లన్నీ ఒక చక్రంలో పేర్చి వాసనల చక్రం తయారుచేసింది వైన్ గురించి గాల్లో మాటలు మానేసి, వచ్చిన వాసనను సూటిగా చెప్పమనే. అందులో బూజు పట్టిన కార్కుకూ చోటుంది. ఆ చక్రాన్ని ఎక్కాల పుస్తకంలా బట్టీ పట్టిస్తే ఎలా? 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చిన ప్రయోగం ఒకటుంది. తెల్ల వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇస్తే, 54 మంది వైన్ విద్యార్థులు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కంటికి ఏం కనబడితే నోటికి ఆ మాటలే వచ్చాయి. బట్టీ పట్టిన మాటలకు ముక్కుతో పని లేదు.

అసలు ఈ నవ్వు నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్లప్పుడు సంగీతం మాస్టారు "నీకు గొంతు లేదు, పుట్టుకతో రావాలి" అని అందరి ముందూ నవ్వారు. నమ్మి మానేశాను. ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నోరెత్తి పాడలేదు. ఒక్కరైనా ఇంకో ఆరు నెలలు సాధన చెయ్యమని చెప్పి ఉంటే ఎలా ఉండేదో ఇప్పటికీ అనుకుంటాను. పిల్లలతో అలా అనేవాళ్లను నేను క్షమించలేను.

ఇవాళ్టి నోట్సులో ఆ గ్లాసు ఎదురుగా "ముక్కిన వాసన" అనే రాశాను. ఆయన కొట్టేయమన్నారు. కొట్టెయ్యలేదు.