మారతహళ్లి కొలిమికి మా సంపూర్ణ మద్దతు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగు యువతలో కొందరు ఫీజు కట్టి కమ్మరం శిక్షణ మొదలుపెట్టారని తెలిసి ఈ కాలమ్ హర్షం ప్రకటిస్తోంది. కీబోర్డు తప్ప మరేదీ కొట్టి ఎరగని చేతులవి. కుండలు చేసే క్లాసు అయిపోయింది, నంది కొండ అయిపోయింది. ఇక మిగిలింది ఇనుమే.

కమ్మరానికి ముందు కావలసింది నిప్పని పాతకాలం వాళ్లు పొరబడ్డారు. ముందు కావలసింది తోలు ఏప్రన్. అది వేసుకుని ఫొటో దిగాక సుత్తి, పట్టకారు. దాగలి, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె ధర విన్నాక మాత్రం ఉత్సాహం కాస్త చల్లబడుతుంది. రైలు పట్టా ముక్క ఉన్నా చాలని అప్పుడెవరో చెబుతారు. చాలు, నిజమే. అయితే ఆ ముక్క ఎక్కడిదో చెప్పలేకపోతే రైల్వే ఆస్తుల మీద 1966 నాటి చట్టం ఒకటుంది. అందులో కొత్తగా నేర్చుకునేవారికి మినహాయింపు లేదు. శాసనకర్తలకు ముందుచూపు తక్కువ.

తోలుతిత్తి బదులు రూమ్మేటు హెయిర్ డ్రయ్యర్ వాడుతున్నారు. నవ్వకండి, అది బొగ్గుల మీద బాగానే పనిచేస్తుంది. చెడేది రూమ్మేటుతో స్నేహమే.

ఇనుముతోనే అసలు పేచీ. అది రంగుతో మాట్లాడుతుంది. ముదురెరుపులో కొడితే ఇనుము వంగనంటుంది, మన చెయ్యే అదురుతుంది. నారింజ దాటి పసుపులోకి, అంటే 1,100 డిగ్రీల పైకి వస్తే మైనంలా సాగుతుంది. ఇంకా ఉంచి ఫోన్ చూసుకుంటే చిటపటమని రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. కాలిన ఇనుముకు పాత వెర్షన్ ఉండదు. బయటికి తీసిన సన్నకడ్డీ అర నిమిషంలో చల్లారిపోతుంది. మనవాళ్ల మీటింగుల్లో ఆపాటికి ‘నా స్క్రీన్ కనిపిస్తోందా’ కూడా పూర్తి కాదు.

గుజిరీలో చవగ్గా దొరికిందని జింకుపూత పైపుముక్క కాల్చేవారూ ఉన్నారు. జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లపొగై లేస్తుంది, అది పీల్చినవారికి రాత్రికి చలిజ్వరం. సిక్ లీవుకు అసలు కారణం రాసుకునే అదృష్టం ఎందరికి దక్కుతుంది?

అపార్ట్‌మెంట్ సంఘాల వైఖరి మాత్రం విచారకరం. నివాస ప్రాంతంలో పగలు శబ్దం 55 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి నిబంధనలు చూపిస్తున్నారు. పక్క సైటులో బోరు యంత్రమూ దాటుతోంది కదా అంటే, అది సంఘం అధ్యక్షుడి బావమరిదిదట.

ఇన్ని అడ్డంకుల మధ్య వెలువడే తొలి కళాఖండం ‘ఎస్’ ఆకారపు కొక్కెం. దానికి ఆఫీసు ఐడీ కార్డు తగిలిస్తారు. తర్వాతి లక్ష్యం ఒంటిమీద అలల చారలుండే డమాస్కస్ కత్తి. అందుకోసం రాత్రిళ్లు విదేశీ వీడియోలు చూస్తారు. ఒకప్పుడు ఆ కత్తుల ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చింది నిజామాబాద్ వైపు కోనసముద్రానికే. అది వీడియోలో చెప్పరు కాబట్టి పరిగణనలోకి రాదు.

ఊళ్లో కొలిమి ఉండేది కదా, అక్కడే నేర్చుకోవచ్చుగా అని పెద్దలు అడుగుతున్నారు. ట్రాక్టర్లు వచ్చాక నాగలికర్రుకు పదును పెట్టించేవాడు లేడు, కొలిమి ఆరింది. ఆ కమ్మరి కొడుకు ఇప్పుడు బెంగళూరులోనే పీణ్యలో గేట్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. ఈ శిక్షణ ఫీజు ఎంతో విని, తనూ నేర్పుతానని వచ్చాడు. ఇంగ్లీషు వచ్చా అని నిర్వాహకులు అడిగారు. రాదన్నాడు. బొగ్గులు మోయడానికి పెట్టుకున్నారు.